పిలవని పేరంటం లాంటి ప్రకటనలు

ఈ నెల మా శీర్షికకు అందిన ఉత్తరాలలో అయిదింటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను. రాసినవారి ఊళ్లు వేరు, పనులు వేరు. అయినా అందరి ఇబ్బందీ ఒకే చోట మొదలైంది. ఫోనులోనో కంప్యూటరులోనో యజమానికి తెలియకుండా చేరి, అడగకుండానే తెర మీద ప్రకటనలు తెరిచే సాఫ్ట్‌వేర్‌ను యాడ్‌వేర్ అంటారు. అటువంటి సాఫ్ట్‌వేర్ ద్వారానూ, ఒకటి నొక్కితే మరొకటి తెరిచే వెబ్‌సైట్ల ద్వారానూ ఇలా అడగకుండా తెరుచుకునే ప్రకటన కిటికీలను (పాప్-అప్‌లను) టోకున అమ్మేవి పాప్-అప్ నెట్‌వర్కులు. ఉత్తరాలు రాసిన పాఠకులు కోరిన మేరకు వారి పేర్లను ప్రచురించడం లేదు.

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గరలో మాకు 22 గదుల లాడ్జీ ఉంది. రెండు నెలల క్రితం ఒక ఏజెంటు వచ్చి, రూ.18,000 ఇస్తే మా వెబ్‌సైట్‌కు 1,20,000 మంది సందర్శకులను తెప్పిస్తానన్నాడు. అన్నట్టే లెక్క చూపించాడు కాని, ఒక్క గది కూడా అదనంగా నిండలేదు. ఆ రోజుల్లో కొత్తవారి నుంచి 9 ఫోన్లు వచ్చాయి. వారిలో ఏడుగురు, దర్శనం టికెట్లు చూసుకుంటుంటే మీ లాడ్జీ బొమ్మ అడ్డం వస్తోందని కోప్పడ్డారు. ఎవరి ఫోనులోనూ మేము ఏదీ పెట్టలేదు. ఇందులో మా తప్పేమిటి? (లాడ్జీ యజమాని, తిరుపతి)

జవాబు: మీరు ఉత్తరంతో పాటు పంపిన ఏజెంటు నివేదికను గంటల వారీగా చదివాను. రూ.18,000ను 1,20,000తో భాగిస్తే ఒక్కో సందర్శనకు 15 పైసలు పడింది. రాత్రి 2 గంటలకూ 4 గంటలకూ మధ్య వచ్చినవే 41,000 ఉన్నాయి. మీ పేజీ మీద ఒక్కో సందర్శన నిలిచిన సమయం సగటున ఒక్క సెకను. గది అద్దె ఎంతో, స్టేషన్ నుంచి ఎంత దూరమో చదవడం మాట అటుంచి, మీ లాడ్జీ ఫొటో పూర్తిగా తెర మీదకు రావడానికైనా ఆ సెకను చాలదు. నివేదికలో సందర్శకులు అని రాసిన వాటిలో చాలా భాగం మనుషులు చూసినవి కావని, తెరుచుకున్న కిటికీలు మాత్రమేనని నా నమ్మకం. పాప్-అండర్ అనే పద్ధతిలో ప్రకటన కిటికీ అసలు పేజీకి వెనక తెరుచుకుంటుంది. ఫోను చేతిలో ఉన్న మనిషికి అది కనిపించకపోయినా లెక్కలో ఒకటి పెరుగుతుంది, మీ జేబులో 15 పైసలు తరుగుతాయి. ఇంతకన్నా ఘోరమైన మోసాలు కూడా రుజువయ్యాయి. ‘3ve’ (ఈవ్) అనే ముఠా 17 లక్షలకు పైగా కంప్యూటర్లలో దొంగ సాఫ్ట్‌వేర్ చొప్పించి, యజమానులకు కనిపించని బ్రౌజర్లలో ప్రకటనలు తెరిపించిందని 2018 నవంబరులో అమెరికా న్యాయశాఖ బయటపెట్టింది. మనిషి కన్ను పడని ఆ ప్రకటనలకు వ్యాపారులు 2.9 కోట్ల డాలర్లకు పైగా చెల్లించారు.

మిమ్మల్ని తిట్టిన ఏడుగురి సంగతి మాత్రం వేరు. వారు నిజమైన మనుషులు, తిరుమలకు రావాలనుకుంటున్న భక్తులు, అంటే మీ గదులు నింపగలిగినవారు. వారి ఫోన్లలో ఏదో ఉచిత యాప్ వెంట చేరిన యాడ్‌వేర్, వారు ఏ పేజీ తెరుస్తున్నారో కనిపెట్టి, టికెట్ల పేజీ తెరవగానే దాని మీద మీ ప్రకటనను పరిచింది. ఆ కిటికీని తెరిచింది టీటీడీ వెబ్‌సైట్ కాదు. కాని భక్తుడికి ఆ తేడా తెలియదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోసం గడియారం చూసుకుంటూ కూర్చున్న మనిషికి, సరిగ్గా తేదీ ఎంచుకునే వేళ తెర మూసుకుపోతే ఎంత మండుతుందో తిరుపతివారమైన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పైగా నకిలీ వెబ్‌సైట్లను నమ్మవద్దని టీటీడీ పలుమార్లు హెచ్చరించి ఉన్నందువల్ల, ఆ సమయంలో అడ్డుపడిన ఏ పేరునైనా భక్తులు మోసగాళ్ల జాబితాలోనే వేసుకుంటారు. ఏళ్ల తరబడి నిజాయితీగా నడుపుకున్న మీ లాడ్జీ పేరు ఆ వరుసలో నిలబడటం నాకు నిజంగా బాధ కలిగించింది.

తప్పు మీది ఎలా అవుతుందని అడిగారు. ఒక సంగతి చెబుతాను. 2004 ప్రాంతంలో నేను విశ్వవిద్యాలయానికి వెళ్లే దారిలో ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. ఎంసెట్ ఫలితాలు వచ్చిన రోజు, చంద్రగిరి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక రైతు, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, కొడుకు హాల్‌టికెట్ నంబరు చూపించాడు. నేను నంబరు కొట్టాను. ర్యాంకు రావలసిన చోట ఒకదాని మీద ఒకటిగా మూడు కిటికీలు తెరుచుకున్నాయి. అన్నిటికన్నా పైన విమాన టికెట్ల ప్రకటన రంగురంగులుగా మెరుస్తోంది. ఆయన దాన్ని చూసి, ‘‘మావాడికి వచ్చినట్టేనా సార్?’’ అని అడిగాడు. కాదని చెప్పి ఆ కిటికీలు మూసేలోపు కంప్యూటర్ బిగుసుకుపోయింది. మళ్లీ అది లేచి ర్యాంకు చూపించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆయన ఆ కాగితాన్ని మడత పెడుతూ, విప్పుతూ నిలబడ్డాడు. ఎవరో పాటల కోసం దించుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట ఆ యాడ్‌వేర్ వచ్చిందని తరువాత తెలిసింది. దాన్ని తయారు చేసినవారెవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆ విమాన టికెట్ల కంపెనీ పేరు మాత్రం ఇన్నేళ్లయినా మరచిపోలేదు, దాని దగ్గర ఒక్క టికెట్టూ కొనలేదు. చూసేవారికి యాడ్‌వేర్ ముఖం కనిపించదు, ప్రకటన ఇచ్చినవారి ముఖమే కనిపిస్తుంది.

ఈ సంగతిని చట్టం కూడా గుర్తించింది. డైరెక్ట్ రెవెన్యూ అనే యాడ్‌వేర్ సంస్థ మీద 2006లో దావా వేసిన న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం, అంతటితో ఆగకుండా, దాని ద్వారా ప్రకటనలు ఇచ్చిన మూడు పెద్ద కంపెనీలను కూడా పట్టుకుంది. 2007 జనవరిలో ప్రైస్‌లైన్, సింగ్యులర్ వైర్‌లెస్ చెరి 35,000 డాలర్లు, ట్రావెలాసిటీ 30,000 డాలర్లు చెల్లించి రాజీ చేసుకున్నాయి. ఆ కంపెనీల స్థాయికి అది చిన్న మొత్తమే. అసలు విలువ ఆ రాజీలోని షరతుది: ప్రకటనలు ఇచ్చే ముందూ, ఆ తరువాత ప్రతి మూడు నెలలకూ, అవి జనం దగ్గరకు ఏ దారిన చేరుతున్నాయో ప్రకటనదారే స్వయంగా విచారించుకోవాలి. తిలా పాపం తలా పిడికెడు అన్న మాటను న్యూయార్క్ అధికారులు కాగితం మీద పెట్టారని నాకనిపించింది.

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం, యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులో హాని చేసే సాఫ్ట్‌వేర్ చొప్పించడం తప్పు. దురుద్దేశంతో ఆ పని చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకు ప్రోత్సహించినవారికీ అదే శిక్ష అని 84బి సెక్షన్ చెబుతోంది. మీరు తెలియక చేశారు కనుక మీ మీదకు ఈ సెక్షన్లు వస్తాయని నేను భయపెట్టడం లేదు. అయితే ఇప్పుడు మీకు తెలిసింది. వచ్చే నెల మళ్లీ అదే ఏజెంటుకు డబ్బు కట్టి తెలియదంటే ఆ మాటకు బలం ఉండదు.

ముందుగా ఆ ప్రకటనను ఆపమని ఏజెంటుకు రాతపూర్వకంగా చెప్పండి. ఏయే వెబ్‌సైట్లలో, ఏయే యాప్‌లలో మీ ప్రకటన కనిపించిందో పేర్లతో జాబితా అడగండి. ఇవ్వలేనంటే మిగిలిన సొమ్ము వెనక్కి అడగండి. ఫోన్ చేసిన ఆ ఏడుగురికీ మీరే తిరిగి ఫోన్ చేసి, జరిగింది చెప్పి, వారి ఫోనులో యాడ్‌వేర్ ఉన్నట్టుందని హెచ్చరించండి. ఏడు ఫోన్లకు పట్టేది ఒక గంట.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా అత్తగారి తరం నుంచి కలంకారీ పని చేస్తున్నాము. మూడేళ్లుగా చీరలు, గోడకు వేలాడదీసే తెరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాము. చవకగా వస్తోందని ఒక ప్రకటనల ప్యాకేజీ తీసుకున్నాము. బెంగళూరులో ఉన్న పాత కొనుగోలుదారు ఒకరు తన తెర ఫొటో తీసి పంపారు: మేము వేసిన సీతాకల్యాణం తెర, పక్కనే పందెం వెబ్‌సైట్ ప్రకటన, కింద రాయడానికి వీల్లేని బొమ్మలు. ‘మీరు ఇలాంటి చోట కూడా అమ్ముతున్నారా’ అని ఆవిడ అడిగింది. సిగ్గుతో జవాబు ఇవ్వలేకపోయాను. (పాఠకురాలు, శ్రీకాళహస్తి)

జవాబు: అమ్మా, సిగ్గు పడవలసినది మీరు కాదు. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో బట్ట తడిపి ఆరబెట్టడం, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి నలుపు తీయడం, వెదురు కలంతో ఒక్కో గీతా గీయడం తెలిసిన చేతులు మీవి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉండటం వెనక అటువంటి చేతుల శ్రమ ఉంది. మీరు అమ్ముతున్నది ఆ నమ్మకాన్ని కూడా. అందుకే మీ వంటివారికి ఈ నష్టం లాడ్జీవారి నష్టం కన్నా లోతైనదని అనుకుంటున్నాను.

ఇది ఎలా జరిగిందో చెబుతాను. మీరు డబ్బు కట్టిన సంస్థ మీ ప్రకటనను తానే చూపించదు. దాన్ని ఒక నెట్‌వర్కుకు ఇస్తుంది, ఆ నెట్‌వర్కు మరొకదానికి అమ్ముతుంది, అది ఇంకొకదానికి. మామిడి తోట గుత్త చేతులు మారినట్టు చేతులు మారి, చివరికి ఎక్కడ చవకగా చోటు దొరికితే అక్కడ తేలుతుంది. గౌరవమైన వెబ్‌సైట్లు పాప్-అప్‌లను దగ్గరకు రానివ్వవు. గూగుల్ క్రోమ్ 2018 ఫిబ్రవరిలో కొన్ని దేశాలలోనూ, 2019 జూలై నుంచి ప్రపంచమంతటా, ఇటువంటి ప్రకటనలు వదలని వెబ్‌సైట్లలో ప్రకటనలనే అడ్డుకోవడం మొదలుపెట్టింది. కాబట్టి పాప్-అప్‌లకు ఇంకా చోటిచ్చేవాటిలో దొంగ సినిమాలు, పందేలు, బూతు బొమ్మల వెబ్‌సైట్లే ఎక్కువ. ఆన్‌లైన్ జూదాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. డబ్బు పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది. మీరు కట్టిన డబ్బులో ఒక భాగం అటువంటి వెబ్‌సైట్లను నడిపేవారికి చేరిందన్న సంగతి మీరు తెలుసుకోవాలి.

పాప్-అప్ పుట్టుక కథ మీ ఉత్తరం చదవగానే గుర్తుకు వచ్చింది. 1990ల నడుమ ట్రైపాడ్ అనే వెబ్‌సైట్‌లో పనిచేస్తున్న ఈథన్ జుకర్‌మన్ దాని తొలి కోడ్ రాశారు. ఒక పెద్ద కార్ల కంపెనీ, తన ప్రకటన అసభ్యమైన పేజీలో కనిపించిందని గగ్గోలు పెట్టడంతో, ప్రకటన ఆ పేజీలో భాగంగా కాకుండా విడిగా ఒక కిటికీలో తెరుచుకునేలా చేశారు. అంటే ప్రకటనదారు పేరును చెడ్డ పేజీకి దూరంగా ఉంచడానికి పుట్టిన ఉపాయం అది. ఇప్పుడు అదే మీ సీతాకల్యాణాన్ని అటువంటి పేజీ మీదకు మోసుకుపోయింది. ఆ కోడ్ రాసినందుకు ఆయన 2014లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

బెంగళూరు ఆవిడకు ఈ రోజే జవాబు రాయండి. జరిగింది జరిగినట్టు చెప్పి, ఫొటో పంపినందుకు కృతజ్ఞతలు చెప్పండి. ఆవిడ పంపకపోతే మీకు తెలిసేదే కాదు. ఆ ఫొటోను తేదీతో సహా భద్రపరచి, ప్యాకేజీ అమ్మిన సంస్థకు పంపి, ఒప్పందం రద్దు చేసుకోండి. ఇకముందు ప్రకటన ఇచ్చేటప్పుడు, మీరు ఒప్పుకున్న వెబ్‌సైట్లలో తప్ప మరెక్కడా చూపించకూడదనీ, మరొక నెట్‌వర్కుకు అమ్మకూడదనీ రాయించుకోండి. ‘ఫలానా చోట వద్దు’ అని వద్దన్నవాటి జాబితా ఇస్తే ప్రయోజనం తక్కువ, ఎందుకంటే చెడ్డ వెబ్‌సైట్లు రోజుకొక పేరుతో పుడతాయి. కావలసినవాటి జాబితానే మీరు ఇవ్వాలి, అది పది పేర్లకు మించకపోయినా సరే.

ప్రశ్న: చిత్తూరులో మామిడి తాండ్ర, ఊరగాయలు తయారుచేసి సొంత వెబ్‌సైట్ ద్వారా అమ్ముతున్నాను. కొనేవారిని పంపినవారికి 10 శాతం కమిషన్ ఇచ్చే పథకం పెట్టాను. ఏడాదిలో కమిషన్ ఖర్చు మూడింతలైంది. అమ్మకం మాత్రం నిరుటి అంతే ఉంది. పాత ఖాతాదారులు కొన్నవాటికి కూడా కమిషన్ పడుతోంది. లెక్కలో తప్పు దొరకడం లేదు. (చిన్న పరిశ్రమ యజమాని, చిత్తూరు)

జవాబు: లెక్కలో తప్పు ఉండి ఉండదు. లెక్క దేనిని కొలుస్తున్నదో చూడాలి.

మీ పథకంలో చేరినవారికి ఒక్కొక్కరికీ విడిగా ఒక లింక్ ఇస్తారు. ఎవరైనా ఆ లింక్ నొక్కి మీ వెబ్‌సైట్‌కు వస్తే, వారి బ్రౌజరులో కుకీ అనే చిన్న గుర్తు పడుతుంది. తరువాత వారు కొన్నప్పుడు ఆ గుర్తును బట్టి కమిషన్ లెక్క కడతారు. ఇప్పుడు యాడ్‌వేర్ చేసే పని చూడండి. తోతాపురి తాండ్ర అయిపోయిందని ఒక పాత ఖాతాదారు తానే మీ వెబ్‌సైట్ పేరు కొట్టి తెరుస్తుంది. ఆమె కంప్యూటరులో ఉన్న యాడ్‌వేర్ అది గమనించి, అదే క్షణంలో మీ వెబ్‌సైట్‌నే మరొక కిటికీలో, కమిషన్ లింక్ ద్వారా, వెనకవైపు తెరుస్తుంది. గుర్తు పడిపోయింది. ఆమె తన మానాన తాను కిలో తాండ్ర కొంటుంది; ఆమెను తీసుకువచ్చినట్టు ఎవరికో కమిషన్ జమ అవుతుంది. మీ అంగడి మెట్లెక్కుతున్న మనిషి భుజం మీద ఒకడు చెయ్యి వేసి, ఈమెను నేనే తీసుకొచ్చానని మీ దగ్గర డబ్బు తీసుకుంటున్నాడు. ఆమెకు ఆ చెయ్యి తగిలినట్టు కూడా తెలియదు.

కనిపించకుండా కుకీ పెట్టే ఈ మోసానికి పెద్ద కంపెనీలే బలయ్యాయి. ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే తన కమిషన్ పథకంలో అగ్రస్థానాలలో ఉన్న ఇద్దరి మీద 2008లో దావా వేసింది. కొనేవారిని పంపకుండానే, జనం బ్రౌజర్లలో రహస్యంగా ఈబే కుకీలు నింపి కమిషన్ తీసుకున్నారన్నది ఆరోపణ. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు; 2014లో ఒకరికి 5 నెలలు, మరొకరికి 15 నెలలు జైలు శిక్ష పడింది. కమిషన్ ఎక్కువగా తీసుకునేవారే మనకు ఎక్కువ మేలు చేస్తున్నారని ఏ వ్యాపారికైనా అనిపిస్తుంది. మీరు కూడా అటువంటివారికే పండగ బహుమానం పంపానని రాశారు కదా.

నేను మీ స్థానంలో ఉంటే నెల రోజులు పథకాన్ని పూర్తిగా ఆపి చూస్తాను. అమ్మకం తగ్గకపోతే జవాబు దొరికినట్టే. ఇది చిన్న వ్యాపారుల ఉపాయం మాత్రమే కాదు. ఊబర్ సంస్థ 2017లో, తాము వద్దన్న వెబ్‌సైట్‌లో తమ ప్రకటనలు కనిపిస్తున్నాయన్న ఫిర్యాదులతో తవ్వడం మొదలుపెట్టింది. ఏటా 15 కోట్ల డాలర్ల ప్రకటనల ఖర్చులో దాదాపు 10 కోట్ల డాలర్ల మేర ఆపేసినా, కొత్తగా యాప్ వేసుకునేవారి సంఖ్యలో మార్పు రాలేదని అప్పట్లో ఆ పని చూసిన అధికారే తరువాత చెప్పారు. మనం డబ్బు కట్టకపోయినా వచ్చేవారిని మనకే అమ్ముతున్నారని కనుక్కోవడానికి ఆపి చూడటాన్ని మించిన పరీక్ష నాకు తెలియదు.

నెల తరువాత పథకాన్ని మళ్లీ తెరిచేటట్లయితే, మొదటిసారి కొన్నవారికి మాత్రమే కమిషన్ అని మార్చండి. కొన్న 45 రోజులకు గాని సొమ్ము విడుదల చేయకండి. మీ వెబ్‌సైట్‌కు జనం ఏ దారిన వస్తారో చూపించమని ఒక్కొక్కరినీ అడగండి. నిజంగా వంటల వీడియోలు చేసి, మీ తాండ్రను రుచి చూపించి పంపేవారు ఆ వీడియో సంతోషంగా చూపిస్తారు. చూపించడానికి ఏమీ లేనివారు జవాబు ఇవ్వరు.

ప్రశ్న: మా అమ్మ ఫోనులో ఏ యాప్ తెరవకపోయినా తెర నిండా ప్రకటనలు వస్తున్నాయి. ‘మీ ఫోనులో వైరస్ ఉంది, వెంటనే నొక్కండి’ అని కూడా వస్తోంది. ఫోన్ మార్చాలా? (డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు)

జవాబు: మార్చనక్కరలేదు. ప్రకటన వచ్చిన క్షణంలోనే ఇటీవల వాడిన యాప్‌లను చూపించే బటన్ నొక్కితే, దాన్ని తెరిచిన యాప్ గుర్తు చాలాసార్లు కనిపిస్తుంది. టార్చి, ఫోన్ శుభ్రం చేస్తామనేవి, ఫొటోలకు అందం దిద్దేవి ముందుగా అనుమానించదగినవి. దాన్ని తొలగించి, ప్లే స్టోర్‌లోని ప్లే ప్రొటెక్ట్‌తో ఒకసారి పరీక్ష చేయించండి. క్రోమ్ సెట్టింగులలో నోటిఫికేషన్లకు అనుమతి ఉన్న వెబ్‌సైట్ల జాబితా చూడండి. ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి’ అన్న మాటను నమ్మి అమ్మగారు ఎప్పుడో నొక్కి ఉండవచ్చు. తెలియని పేర్లన్నింటికీ ఆ అనుమతి తీసేయండి. వైరస్ ఉందని బెదిరించే ప్రకటనను ఎప్పుడూ నొక్కవద్దు. అలా భయపెట్టి లేని రోగానికి మందు అమ్మడాన్ని, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో జారీ చేసిన మార్గదర్శకాలు నిషేధించిన 13 మోసపు పద్ధతులలో ఒకటిగా చేర్చాయి. ఇప్పటికే ఎవరికైనా డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అమ్మగారిని మాత్రం కోప్పడవద్దు. తప్పు ఆవిడది కాదు.

ప్రశ్న: తిరుపతిలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. తిరుపతి, తిరుమల, చిత్తూరు, శ్రీకాళహస్తి ఆర్టీసీ బస్సుల వేళలు చూపించే యాప్ తయారు చేశాను. 30,000 మంది వాడుతున్నారు. ఒక ప్రకటనల నెట్‌వర్కు తమ కోడ్‌ను నా యాప్‌లో చేరిస్తే నెలకు రూ.25,000 ఇస్తామంటోంది. ఫోన్ తాళం తీసిన ప్రతిసారీ తెర నిండా ప్రకటన వస్తుందట. యాప్ తెరవకపోయినా వస్తుందట. మా నాన్న లారీ డ్రైవరు, అక్క పెళ్లి అప్పు ఉంది. ఒప్పుకోవచ్చా? (విద్యార్థి, తిరుపతి)

జవాబు: వద్దు బాబూ. ఇంటి అప్పు సంగతి చదివిన తరువాత ఈ మాట రాయడం నాకు తేలిక కాలేదు. అయినా వద్దు.

ముందు నీకు జరిగే నష్టం చెబుతాను. యాప్ తెరవని సమయంలో, ఫోన్ తాళం తీసేచోట ప్రకటనలు చూపించడాన్ని గూగుల్ ప్లే నిబంధనలు ఒప్పుకోవు. 2020 ఫిబ్రవరిలో ఇటువంటి అడ్డదారి ప్రకటనలు చూపిస్తున్న దాదాపు 600 యాప్‌లను గూగుల్ ఒక్కసారిగా తీసేసి, ప్రకటనల ఆదాయం నుంచి కూడా వాటిని వెలివేసింది. తీసేసేది నీ యాప్‌ను. డెవలపర్ ఖాతా మూతపడితే అది నీ పేరు మీద పడే మచ్చ. రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించడానికి నీకున్న మంచి పని అదొక్కటే కదా. ఆ నెట్‌వర్కు మాత్రం మరొక పేరుతో మరొక విద్యార్థి దగ్గరకు పోతుంది. వారు ఇచ్చే కోడ్ లోపల ఏముందో నీకు కనిపించదు. ఫోనులోని ఏ వివరాలు తీసుకుని ఎక్కడికి పంపుతుందో నీవు హామీ ఇవ్వలేవు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ముందు జవాబు చెప్పవలసినవాడివి నీవే అవుతావు.

ఇక ఆ 30,000 మందిని తలచుకో. సాయంత్రం బస్టాండులో ఒక చేత్తో సంచి, మరో చేత్తో పిల్లవాణ్ణి పట్టుకుని, కాణిపాకం వెళ్లే చివరి బస్సు ఉందో లేదో చూడటానికి ఫోన్ తీసే మనిషి అందులో ఉంటుంది. నీ యాప్‌ను ఆమె నమ్మింది. ఆ బస్సు వేళను ఒక ప్రకటన కప్పేస్తే ఏమవుతుందో, నెట్ సెంటరులో నా కళ్లతో చూసినది మొదటి జవాబులో రాశాను.

యాప్ లోపల, బస్సు వేళల కిందుగా, ప్రకటన అని స్పష్టంగా రాసి, ఒక చిన్న పట్టీ పెట్టుకోవడంలో తప్పు లేదు. దానికి నెట్‌వర్కు కూడా అక్కరలేదు. బస్టాండు చుట్టూ ఉన్న హోటళ్లు, సామాన్లు భద్రపరిచే గదులవారు, మందుల షాపుల దగ్గరకు నీవే వెళ్లి, నీ యాప్‌ను ఎంతమంది ఏ వేళల్లో తెరుస్తారో చూపించు. నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చే అంగళ్లు పది దొరికితే రూ.10,000. వారు ఇస్తామన్న పాతిక వేలకు ఇది తక్కువే. అయితే నిజంగా బస్సు కోసం చూసే మనుషులకు ప్రకటన చూపించినందుకు వచ్చే సొమ్ము ఇది. ఏ రోజు ఎవరు అడిగినా లెక్క చెప్పగలవు. పై మొదటి ప్రశ్న రాసిన లాడ్జీ యజమానికి నీ సంగతి చెప్పి, నీ ఉత్తరం పంపవచ్చా అని అడిగాను. పంపమన్నారు. నీవు కూడా ఒప్పుకుంటే ఈ వారమే పంపుతాను. వెళ్లేటప్పుడు గడచిన నెలలో యాప్ తెరిచినవారి లెక్క గంటల వారీగా తీసుకుని వెళ్లు.